బ్యాంకుకని చెప్పి మ్యాట్నీకి వెళ్లాను

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. పెళ్లయి పదకొండేళ్లు, ఇద్దరు పిల్లలు, అత్తయ్య మాతోనే ఉంటారు. ఇంట్లోనే ట్యూషన్లు చెప్తాను. తెనాలిలో చిన్నప్పుడు అమ్మతో మ్యాట్నీలకు వెళ్లిన అలవాటు, థియేటరంటే ప్రాణం. మావారు ఈఎంఐ మీద 55 అంగుళాల టీవీ, సౌండ్‌బార్ కొన్నప్పటి నుంచి థియేటర్ మాటెత్తితే చాలు, 'నాలుగు వారాలాగితే ఇంటికే వస్తుందిగా, మూడు వేలు తగలేయడమెందుకు' అంటారు. ఇంట్లోనేమో ఏ సినిమా మొదటి నుంచి చివరిదాకా చూసిన గుర్తు లేదు. మొన్న బ్యాంకు పనని చెప్పి ఒక్కదాన్నే మ్యాట్నీకి వెళ్లాను. టికెట్ డబ్బులు కట్ అయిన మెసేజ్ ఆయన ఫోన్‌కి వెళ్లింది. నాలుగు రోజులుగా మాటల్లేవు. సినిమా చూడటం అంత నేరమా?

జవాబు: సినిమా చూడటం నేరం కాదమ్మా. అబద్ధం చెప్పడం మాత్రం తప్పే. ఆయన్ని కుదిపింది టికెట్ ధర కాకపోవచ్చు, 'ఇంకా ఏమేం దాస్తోందో' అన్న గుబులు కావచ్చు. ముందు ఆ ముక్క ఒప్పేసుకోండి. 'మీరు తీసుకెళ్లుంటే నేనెందుకు అబద్ధమాడతాను' అని తోక తగిలించకండి. అందులో నిజం లేకపోలేదు, కానీ అది ఇంకో రోజు మాట్లాడాల్సిన సంగతి.

ఆ రోజు ఏం చెప్పాలో మీ ఉత్తరంలోనే ఉంది. ఇంట్లో సినిమా ఎలా నడుస్తుందో నేను ఊహించగలను. టైటిల్స్ పడేసరికి కుక్కర్ కూస్తుంది. హీరో వచ్చేసరికి మీరు చపాతీ పిండి కలుపుతుంటారు. 'కాస్త ఆపండి' అంటే ఆయన ఒకసారి ఆపుతారు, రెండోసారి 'ఏమైందో నేను చెప్తాలే' అంటారు. మీరు చేయి తుడుచుకుని వచ్చేసరికి పిల్లాడికి మంచినీళ్లు కావాలి. ఆయన సోఫాలోంచి సినిమా చూస్తున్నారు, మీరు వంటింటి గుమ్మంలోంచి. ఇద్దరూ చూసేది ఒకే టీవీ కాబట్టి తేడా ఆయనకి తెలియదు. థియేటర్లో మిమ్మల్ని రెండున్నర గంటలు కుర్చీలోంచి ఎవరూ లేపరు. మీ అమ్మగారు మ్యాట్నీకి వెళ్లిందీ ఇందుకేనేమో! పెద్ద తెర, మంచి సౌండ్ అని వాదిస్తే ఆయన సౌండ్‌బార్ చూపిస్తారు. ఈ కుర్చీ సంగతి చెప్పండి.

ఆయన లెక్కని మాత్రం కొట్టిపారేయకండి. 2021 డిసెంబరు జీవోతో తెలంగాణ మల్టీప్లెక్సుల్లో మామూలు సీటు టికెట్ గరిష్ఠంగా 250, జీఎస్టీతో 295 అయింది. నలుగురికి 1,180. ఆపైన బుకింగ్ ఛార్జీలు, పాప్‌కార్న్, పార్కింగ్. పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో రేటు ఇంకా పెంచుకోనిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. మూడు వేలంటే కోపం రావడం సహజం. కానీ అదే జీవోలో ఏసీ సింగిల్ స్క్రీన్‌కి గరిష్ఠం 150, పన్నుతో 177. మీ కూకట్‌పల్లిలోనే భ్రమరాంబ, మల్లికార్జున ఉన్నాయి. రెండో వారంలో, కౌంటర్ దగ్గరే టికెట్లు కొంటే ఇద్దరికీ కలిపి నాలుగు వందలు దాటకపోవచ్చు. ఇంటర్వెల్లో సమోసా ఆయన చేత కొనిపించండి.

మీ ట్యూషన్ డబ్బుతో నెలకో మ్యాట్నీకి ఒక్కరే వెళ్లడానికీ మొహమాటపడకండి. చెప్పి వెళ్లండి, అంతే.

టీవీని అమ్మేయమనడం లేదు. శనివారం రాత్రి ఇంట్లో సినిమా అనుకుంటే, ఆ పూట వంట మధ్యాహ్నమే అయిపోవాలి, లేదా ఆయన వండాలి. రిమోట్ మీ చేతిలో ఉండాలి. ఒకటి రెండు వారాలు ఆయన గొణుగుతారు, గొణగనివ్వండి.

ఇంకో మాట. ఇద్దరూ థియేటర్‌కి బయల్దేరితే పిల్లల్ని అత్తయ్యగారికి అప్పజెప్పాలనుకుంటున్నారేమో. ఆవిడ థియేటర్‌కి వెళ్లి ఎన్నేళ్లయిందో ఒకసారి అడగండి.