ఐస్ హాకీని వృత్తిగా నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మేము టొరంటో దగ్గర ఉంటున్నాం. పదహారేళ్ల మా అబ్బాయి ఐస్ హాకీలో ఫార్వర్డ్‌గా, అంటే ముందుండి గోల్స్ కొట్టే ఆటగాడిగా ఆడతాడు. కుర్రాళ్లు ఆడే జూనియర్ స్థాయి ఒంటారియో హాకీ లీగ్ జట్టొకటి రమ్మంటోంది. వెళితే చదువు దెబ్బతింటుందా? ఇది నిలకడైన వృత్తేనా?
– ఒక తల్లి

జవాబు: చదువు గురించి మీ భయం కొన్నేళ్ల కిందటైతే పూర్తిగా సబబే. ఆ లీగ్‌లో ఆడినవారికి అమెరికా కాలేజీ హాకీలో ప్రవేశం ఉండేది కాదు. 2025 ఆగస్టు నుంచి ఆ నిబంధన సడలింది. పైగా ఆడిన ప్రతి సీజన్‌కూ ఒక ఏడాది చదువు ఖర్చు భరించే స్కాలర్‌షిప్ ఉంటుంది. దాన్ని ఎంతకాలంలోగా వాడుకోవాలో, ప్రొఫెషనల్ ఒప్పందం కుదిరితే అది ఏమవుతుందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే సంతకం చేయండి.

ఇక వృత్తి సంగతి. అన్నిటికన్నా పై స్థాయి ప్రొఫెషనల్ లీగ్ అయిన నేషనల్ హాకీ లీగ్‌లో ఉన్నవి 32 జట్లే, మ్యాచ్‌లో దిగే ఫార్వర్డ్‌లు జట్టుకు సాధారణంగా 12 మందే. కాబట్టి పెద్ద తారలను కాక రాబిన్ బావా వంటివారిని చూసి లెక్క వేసుకోవాలి. బ్రిటిష్ కొలంబియాలో పుట్టిన ఈ పంజాబీ, 1989లో వాషింగ్టన్ జట్టు తరఫున దిగి, ఆ లీగ్‌లో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడయ్యారు. నాలుగు జట్లకూ కలిపి ఆయన ఆడినవి 61 మ్యాచ్‌లు, కొట్టినవి 6 గోల్స్. మిగతా కాలమంతా కింది లీగ్‌లలోనే గడిచింది. దీన్ని వైఫల్యమనుకోకండి, అక్కడిదాకా చేరనివారే ఎక్కువ.

ఇలాంటి ఆటగాడికి తరచూ దక్కేది టూ-వే ఒప్పందం: పై లీగ్‌లో ఉన్న రోజులకు ఒక జీతం, దాని కింది స్థాయిదైన అమెరికన్ హాకీ లీగ్‌కు పంపిన రోజులకు అంతకంటే బాగా తక్కువ జీతం. 2025–26లో పై లీగ్ కనీస వేతనం 7,75,000 డాలర్లంటే ఊరిస్తుంది గానీ, అది సీజనంతా అక్కడే ఉన్నవాడికి. జట్టు వేవర్స్‌లో (మిగతా జట్లు కావాలంటే తీసుకునేలా ఉంచే జాబితాలో) పెట్టినప్పుడు మరో జట్టు తీసుకుంటే, అద్దె ఇంటి సామాను అలాగే వదిలేసి, స్కేట్లూ కర్రలూ సర్దుకుని మర్నాటికి ఇంకో ఊరు చేరాలి. మైక్ సిలింజర్ అనే ఆటగాడు పై లీగ్‌లో అలా మారుతూ మారుతూ 12 జట్లకు ఆడారు, అయినా వెయ్యికి పైగా మ్యాచ్‌లలో నిలిచారు. హార్వర్డ్‌లో చదివిన డొమినిక్ మూర్ పది జట్లకు ఆడారు. ఇటువంటివారిని నిలబెట్టేది గోల్స్ కన్నా ఫేస్‌ఆఫ్‌లు (ఆట మొదలుపెట్టేందుకు ఇద్దరి మధ్య పక్ వేసినప్పుడు దాన్ని దక్కించుకునే పోటీ) గెలవడం, పెనాల్టీ వల్ల జట్టులో ఒక ఆటగాడు తక్కువైనప్పుడు గోల్ పడకుండా కాచుకోవడం. మీ అబ్బాయికి ఆ పనులంటే ఇష్టమో కాదో కోచ్‌ను అడగండి.

జట్టు మేనేజర్‌నూ కలవండి. ఇంటికి దూరంగా ఆడేటప్పుడు బాబు ఏ కుటుంబం ఇంట్లో ఉంటాడో, బస్సు ప్రయాణాల్లో పోయిన పాఠాలు ఎవరు చెప్పిస్తారో అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఒక ఏడాది ఆగండి, ఈ వయసులో అది పెద్ద నష్టం కాదు.