కార్డు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ కాకుంటే ఇట్ల చేయన్నా

అన్నా, మీ నారాయణపేట చీరల దుకాణం విజిటింగ్ కార్డు మీది కోడ్ పాత ఫోన్లలో స్కాన్ అయితలేదన్నరు కదా. పేరు, అడ్రసు మొత్తం తెలుగులనే పెట్టినట్టున్నరు. తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు 3 బైట్లు (డేటా కొలత) తీసుకుంటది. ఇంగ్లీషు అక్షరానికి 1 చాలు. బైట్లు పెరిగితే కోడ్‌ల గళ్లు ఎక్కువైతయి, అందుకే అవి అంత సన్నగైనయి. కార్డు మీద తెలుగు అట్లనే ఉంచండి, కళ్లకు నిండుగుంటది. కోడ్ లోపల మాత్రం పేరు, ఫోన్ నంబరు ఇంగ్లీషుల పెట్టి వీకార్డ్‌గా (స్కాన్ చేస్తే ఫోన్ల కాంటాక్ట్‌గా సేవ్ చేసుకునే తీరు) చేయించండి.

సైజు 2 సెంటీమీటర్లకు తగ్గొద్దు, చుట్టూ 4 గళ్లంత తెల్లజాగ వదలాలె. రంగులొద్దు, తెలుపు మీద నలుపే.

ఇంకోటి, స్టాటిక్ కోడే (వివరాలు కోడ్‌లనే ఉండేది) తీసుకోండి. నేను డైనమిక్‌ది (కంపెనీ లింకు మీదికెళ్లి తెరుచుకునేది) పెట్టి 500 కార్డులు కొట్టించిన. ఆ కంపెనీ చందా అయిపోంగనే అన్నీ పనికిరాకుండ పోయినయి.