కలాథియా ఆకుల అంచులు మాడిపోతున్నాయా?

ప్రశ్న: ఇంట్లో ఒక కలాథియా పెంచుతున్నాను. తెచ్చిన కొత్తలో ఆకుల మీద చారలు ఎంతో ముద్దుగా ఉండేవి. ఇప్పుడు అంచులన్నీ గోధుమ రంగుకు మారి, ముట్టుకుంటే పొడి అయ్యేలా ఎండిపోతున్నాయి. రోజూ నీళ్లు పోస్తున్నాను, పొద్దున సాయంత్రం ఆకుల మీద స్ప్రే కూడా చేస్తున్నాను. పైగా రాత్రయితే ఆకులన్నీ పైకి లేచి ముడుచుకుంటున్నాయి. మొక్క చచ్చిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: రాత్రి ముడుచుకోవడం గురించి అసలు భయపడకండి, అది జబ్బు కాదు. ఆకు, కాడ కలిసే చోట చిన్న ఉబ్బు కనిపిస్తుంది చూడండి, దాని లోపలి కణాల్లోకి నీరు ఎక్కడం, దిగడం వల్లే ఆకు పగలు పరుచుకుని రాత్రి నిటారుగా లేస్తుంది. పట్టపగలు కూడా ఆకులు గొట్టంలా చుట్టుకుపోతేనే మొక్కకు నీరు అందడం లేదని అనుమానించాలి.

అంచులు మాడటం మాత్రం పట్టించుకోవాల్సిన విషయమే. చాలామంది గాలిలో తేమ చాలడం లేదని అనుకుని స్ప్రే బాటిల్ పట్టుకుంటారు, కానీ నన్నడిగితే ముందు చూడాల్సింది మీరు పోసే నీళ్లు, ఆ తర్వాత వేర్లు. కలాథియాలు అమెరికా ఖండంలోని ఉష్ణమండల అడవుల్లో, పెద్ద చెట్ల నీడలో, వాన నీటితో పెరిగేవి. కుళాయి నీళ్లలో ఉండే లవణాలు, ఫ్లోరైడ్ వేర్ల నుంచి నీటితోపాటు ఆకుల చివరిదాకా వెళ్తాయి. నీరు ఆవిరైపోతుంది, అవి మాత్రం అంచుల్లోనే పేరుకుంటాయి. అందుకే మాడటం ఎప్పుడూ కొస దగ్గరే మొదలవుతుంది. నీళ్లు రాత్రంతా బకెట్‌లో ఉంచితే సరిపోతుందని చెప్తారు గానీ, దానివల్ల పోయేది క్లోరిన్ ఒక్కటే, ఫ్లోరైడ్ పోదు, లవణాలూ పోవు. మరిగిస్తే ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. వాన నీళ్లు పట్టి వాడండి, లేదంటే ఆర్‌వో ఫిల్టర్ నీళ్లు. ఒకసారి కుండీని సింక్‌లో పెట్టి, అడుగు రంధ్రాల నుంచి ధారాళంగా కారేదాకా ఆ నీళ్లే నిదానంగా పోస్తే మట్టిలో పేరుకున్న లవణాలు చాలావరకు కొట్టుకుపోతాయి.

రోజూ పోయడం ఇవాళే ఆపేయండి. పై మట్టిలో వేలు పెడితే 2 నుంచి 3 సెంటీమీటర్ల లోతు వరకు పొడిగా తగలాలి, అప్పుడే నీళ్లు. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేర్లకు గాలి ఆడదు, కుళ్లిపోతాయి, కుళ్లిన వేర్లు నీటిని పీల్చలేవు కాబట్టి మట్టి తడిగా ఉన్నా ఆకులు ఎండుతాయి, అది చూసి మనం ఇంకా పోస్తాం. ఇండోర్ మొక్కలు ఎక్కువగా చచ్చిపోయేది ఇలాగే, నిజంగా బాధేస్తుంది. అనుమానం ఉంటే మొక్కను కుండీ నుంచి మెల్లగా తీసి చూడండి. మంచి వేర్లు తెల్లగా, గట్టిగా ఉంటాయి. మెత్తబడి నల్లగా వాసన వేసేవి కత్తిరించి, కొబ్బరి పొట్టు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లని గుళికలు) కలిపిన గుల్ల మట్టిలో మళ్లీ నాటండి.

స్ప్రే వల్ల పెద్దగా లాభం లేదు. ఆ తడి కాసేపట్లో ఆరిపోతుంది, మళ్లీ గది గాలి మామూలే. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా తగలని మూలలో, మిగతా మొక్కల మధ్య పెట్టండి. వీలైతే ఒక హ్యూమిడిఫయర్ (గాలిలో తేమ పెంచే యంత్రం) పెట్టండి, గాలిలో తేమ 50 నుంచి 60 శాతం ఉంటే కలాథియా హాయిగా ఉంటుంది. వెలుతురు బాగా కావాలి కానీ ఎండ నేరుగా పడకూడదు, పడితే చారలు వెలిసిపోతాయి. ఆకు వెనకవైపు కూడా ఒకసారి చూడండి, సన్నని బూజులాంటి దారాలు, లేత చుక్కలు కనిపిస్తే అది ఎర్రనల్లి, ఆకుల రసం పీల్చే అతి చిన్న పురుగు. ఆకుల వెనక నీళ్లతో బాగా కడిగి, కొన్ని వారాలపాటు అలాగే కడుగుతూ ఉండాలి.

ఇంకొకటి, మాడిన అంచు మళ్లీ పచ్చబడదు. చూడలేకపోతే ఆకు ఆకారంలోనే, సన్నని గోధుమ గీత మిగిల్చి కత్తిరించండి, పచ్చని భాగంలోకి కత్తెర వెళ్తే అక్కడ కొత్తగా మాడుతుంది. మీరు చేసిన మార్పు పనిచేసిందా లేదా అనేది కొత్తగా వచ్చే ఆకును బట్టే తెలుస్తుంది, దానికి కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా పిల్లి ఆకులు కొరుకుతుంది. కలాథియా పెట్టుకోవచ్చా?

జవాబు: నిస్సంకోచంగా పెట్టుకోండి, కలాథియా పిల్లులకు, కుక్కలకు విషం కాదు. డిఫెన్‌బాకియా, మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్ లాంటి మొక్కలు ఉంటే మాత్రం దానికి అందకుండా పెట్టండి. వాటిలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, నమిలితే నోరు మండి, వాచి, చొంగ కారుతుంది. అలా జరిగితే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి.