పికప్ ట్రక్కులో ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ సెన్సార్ ఎక్కడ పెట్టాలి?

మీరు అడిగింది పాన్‌లోనా (ట్రాన్స్‌మిషన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌కు వెళ్లే పైపులోనా, కూలర్ నుంచి తిరిగి వచ్చే పైపులోనా అని. ఒక్క సెన్సార్‌తో సరిపెట్టుకునేటట్లయితే పాన్‌లోనే పెట్టండి. నా ట్రక్కులో పాన్‌కు ఒకటి, కూలర్‌కు వెళ్లే పైపుకు ఒకటి ఉన్నాయి. ట్రైలర్ తగిలించి కొండ ఎక్కుతున్నప్పుడు ఆ రెండు గేజ్‌ల ముళ్లకూ అసలు పొంతనే ఉండదు. రెండూ నిజమే చెబుతాయి, కాని వేర్వేరు సంగతులు చెబుతాయి.

ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్‌లో పంపు పాన్ నుంచి ఆయిల్ లాగి, ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్‌కు పంపుతుంది. వేడి ఎక్కువగా పుట్టేది అక్కడే. కన్వర్టర్ నుంచి వచ్చిన ఆయిల్ కూలర్‌కు వెళ్లి, చల్లబడి తిరిగి వచ్చి, లోపలి భాగాలను తడిపి మళ్లీ పాన్‌లో పడుతుంది. అందుకే కూలర్‌కు వెళ్లే పైపులో సెన్సార్ ఉంటే కన్వర్టర్ ఈ క్షణం ఎంత వేడెక్కుతోందో తెలుస్తుంది. ఎత్తు మీద కన్వర్టర్ లాకప్ (ఇంజిన్‌ను, గేర్లను జారకుండా నేరుగా కలిపే క్లచ్) విడిపోయిందంటే ఆ ముల్లు గబగబా పైకి పాకుతుంది, 120 డిగ్రీల సెల్సియస్ దాటడం వింతేమీ కాదు. లాకప్ పడగానే అంతే వేగంగా దిగుతుంది. పాన్‌లోని ముల్లు ఈ హడావుడి ఏదీ పట్టించుకోదు. మొత్తం ఆయిల్ వేడెక్కేకొద్దీ నిదానంగా కదులుతుంది.

నేను పాన్ వైపు మొగ్గడానికి కారణం ఒకటే. ‘ఇంత వేడి మామూలు, ఇంత దాటితే ఆగండి’ అని అనుభవజ్ఞులు చెప్పే అంకెలు దాదాపు అన్నీ పాన్‌లోని ఆయిల్‌ను ఉద్దేశించినవే. 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింతగా నడపవచ్చు. కొత్త మోడళ్లలో కొన్ని ఇంకాస్త వేడి మీద నడిచేలానే తయారయ్యాయి. 80 దాటాక ప్రతి 11 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది పాత మోటు లెక్క. సింథటిక్ ఆయిల్‌కు అది అచ్చంగా వర్తించకపోయినా, పాన్‌లో 115 దాటితే నేను బండి పక్కకు తీస్తాను. న్యూట్రల్‌లో ఉంచి ఇంజిన్ వేగం కొంచెం పెంచితే కూలర్ గుండా ఆయిల్ ప్రవహించి వేడి దిగుతుంది. ఇవే అంకెలను మనసులో పెట్టుకుని కూలర్ పైపు గేజ్ చూస్తే మాత్రం ప్రతి ఎత్తు దగ్గరా గుండె దడే.

పాన్‌లో అన్నంత మాత్రాన పాన్‌లో ఎక్కడైనా కాదు. నిలువు గోడకు పెట్టండి. అడుగున పెడితే రాయి తగిలి విరుగుతుంది. పొగ గొట్టం వెళ్లే వైపు అసలు వద్దు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పాన్‌లో ఆయిల్ మట్టం తగ్గుతుంది కాబట్టి, సెన్సార్ మొన ఆ తగ్గిన మట్టానికి కూడా బాగా కింద ఉండాలి. లేకపోతే అది గాలి వేడి చూపిస్తుంది. రంధ్రం వేసే ముందు పాన్ విప్పి, లోపల ఫిల్టర్, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను దారి మళ్లించే కవాటాల దిమ్మ) ఎక్కడిదాకా వస్తాయో కొలుచుకోండి. వెల్డింగ్ కూడా పాన్ విప్పాకే. బిగింపు అంచు వేడికి వంకరపోతే ఆ తర్వాత ఏ గ్యాస్కెట్ వేసినా కారడం ఆగదు. ఆయిల్ దించే బిరడా అయిన డ్రెయిన్ ప్లగ్‌లోనే సెన్సార్ ఇమిడేలా అడాప్టర్లు దొరుకుతాయి, పని సులువు, కాని ఆయిల్ మార్చిన ప్రతిసారీ తీగ ఊడదీయాలి.

రంధ్రం వేయడం ఇష్టం లేకపోతే ట్రాన్స్‌మిషన్ కేసు మీద ఒత్తిడి కొలిచే టెస్ట్ పోర్టు చూడండి. చాలా వాటిలో అది 1/8 అంగుళం ఎన్‌పీటీ (ఏటవాలు పైపు మరల కొలత) మరతో ఉంటుంది, సెండర్ (గేజ్‌కు రీడింగ్ పంపే సెన్సార్) నేరుగా ఎక్కుతుంది. పంపు నుంచి వచ్చే ఆయిలే కనుక రీడింగ్ పాన్‌కు దగ్గరగానే ఉంటుంది. అక్కడ ఆయిల్ ప్రవహించదు, నిలిచి ఉంటుంది. కాబట్టి ముల్లు కొంత బద్ధకిస్తుంది. ఆ ఒత్తిడికి తట్టుకునే సెండరే వాడాలి. కేసు అల్యూమినియం, మర ఏటవాలుది. ఇంకొంచెం బిగిద్దామన్న ఉత్సాహంలోనే కేసు పగులుతుంది.

బరువైన ట్రైలర్‌తో తరచూ ఎత్తులు ఎక్కేవారికి కూలర్‌కు వెళ్లే పైపులో రెండో సెన్సార్ పెట్టుకోవడం దండగ కాదు. గేరు తగ్గించాలన్న సంగతి పాన్ గేజ్ కంటే ఎంతో ముందు అదే చెబుతుంది. రెండు పైపుల్లో ఏది వెళ్లేదో తెలియకపోతే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఏది ముందు వేడెక్కుతుందో ఫ్యానుకు దూరంగా చేయి ఉంచి చూడండి. పైపుకు తగిలించే T ఆకారపు ఫిట్టింగ్ పక్క కొమ్మలో సెన్సార్ ముడుచుకుని కూర్చుంటే నిలిచిపోయిన ఆయిల్‌నే కొలుస్తుంది. మొన ప్రవాహంలోకి రావాలి, అలాగని దారికి అడ్డం పడకూడదు. మీ ట్రక్కు కూలర్ లైనులో థర్మోస్టాట్ (ఆయిల్ వేడెక్కేదాకా కూలర్ దారి మూసి ఉంచే కవాటం) ఉంటే, అది తెరుచుకునేదాకా ఈ రీడింగ్‌ను నమ్మవద్దు. తిరిగి వచ్చే పైపు సంగతంటారా, అది కూలర్ పనితీరు తప్ప మరేమీ చెప్పదు.

వీటన్నిటికంటే ముందు ఒక పని చేయండి. ఇప్పటి ట్రక్కుల్లో చాలావాటికి ఫ్యాక్టరీవాళ్లే లోపల సెన్సార్ పెట్టారు. ఓబీడీ పోర్టుకు (బండి కంప్యూటర్ నుంచి సమాచారం చదివే సాకెట్) స్కానర్ తగిలిస్తే ఆ అంకె తెర మీద కనిపించవచ్చు. కనిపిస్తే రంధ్రం మాటే మరిచిపోండి.

కొత్త సెండర్ తప్పనిసరైతే గేజ్ కంపెనీదే తీసుకోండి. వేరే సెండర్ మర సరిపోయినా రెసిస్టెన్స్ లెక్క తేడా వచ్చి అంకె తప్పుతుంది. ఒకే తీగ ఉన్న రకమైతే ఎర్త్ మర ద్వారానే అందుతుంది, కనుక మర నిండా టెఫ్లాన్ టేపు చుట్టకుండా, చివరి చుట్లకు కాస్త సీలెంట్ పూస్తే చాలు. బిగించే ముందు తీగలు కలిపి, సెండర్ లోహపు ఒంటికి ఎర్త్ ఇచ్చి, మొనను మరిగే నీటిలో ముంచండి. గేజ్ 100కు దగ్గరగా చూపిస్తేనే బండి కిందకు వెళ్లండి.