ఆపి ఉన్న కారుకు సొట్టపడి, యజమాని కనిపించకపోతే వెళ్లిపోవచ్చా?

హన్మకొండ చౌరస్తాలో కారు వెనక్కి తీస్తుండగా ఆపి ఉన్న మరో కారుకు తగిలిందని, యజమాని లేరని రాశారు. వెళ్లిపోకూడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షన్ మనుషులు గాయపడినప్పుడే కాక ఇతరుల ఆస్తి దెబ్బతిన్నప్పుడు కూడా వర్తిస్తుంది కాబట్టి, అక్కడ పోలీసులు లేకపోతే దగ్గరి ఠాణాలో వీలైనంత త్వరగా, ఆలస్యమైనా 24 గంటల్లోగా చెప్పాలి. బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. ముందు చుట్టుపక్కల దుకాణాల్లో విచారించండి. ఎవరూ దొరకకపోతే మీ పేరు, ఫోన్ నంబరు, జరిగిన సంగతి రాసి వైపరు కింద పెట్టండి, అయితే ఆ చీటీతో ఠాణాకు చెప్పే బాధ్యత తీరిపోదు. థర్డ్ పార్టీ బీమా ఎదుటివారి వాహన నష్టానికీ వర్తిస్తుంది గానీ, అందుకు వాహన ప్రమాదాల పరిహారాన్ని తేల్చే ట్రిబ్యునల్ దాకా వెళ్లవలసి రావచ్చు గనుక, చిన్న సొట్టకు షెడ్డులో అంచనా వేయించి మీరే నేరుగా చెల్లించడం న్యాయమని నా అభిప్రాయం.