చిప్పు కంపెనీ పెడతానంటున్న చిన్నాకి

చిన్నా,

నువ్వు బెంగళూరు ఉద్యోగం మానేసి కరెంటు స్మార్ట్ మీటర్లకి చిప్పు డిజైన్ చేసే కంపెనీ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అది ఏడుస్తోంది. నాకు మాత్రం మన ఇంట్లో ఇన్నాళ్ళకి ఒకడు వస్తువు తయారు చేస్తానన్నాడని గర్వంగానే ఉంది. భయం కూడా ఉందనుకో. పోయిన సంక్రాంతికి "ఇప్పుడు గవర్నమెంటు మన వైపు ఉంది పెద్దమ్మా" అన్నావు చూడు, అదీ నా భయం.

చిన్న పరిశ్రమలకి ఉండే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకో. మంచి ఆడిటర్ని పెట్టుకో. స్నేహితుడే కదా అని ఊరుకోకుండా వాటాల సంగతి మొదటి రోజే కాగితం మీద పెట్టు.

ఇక ఆ పథకం. 2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్లకి 76,000 కోట్లు ప్రకటించినప్పుడు వచ్చిన డీఎల్ఐ, అదే చిప్పు డిజైన్ చేసేవాళ్ళకి ప్రోత్సాహకమిచ్చే పథకం, దాని మీదే కదా నీ లెక్కంతా? అర్హమైన ఖర్చులో సగం దాకా, దరఖాస్తుకి 15 కోట్లు మించకుండా ఇస్తామన్నారు. కానీ అది నువ్వు ఖర్చు పెట్టాక, బిల్లులు చూపించి రాబట్టుకునే డబ్బురా. ఈలోపు నీ దగ్గర పనిచేసే పిల్లలకి జీతాలు ఎక్కణ్ణించి తెస్తావు? అమ్మకాల మీద ఇచ్చే 6 నుంచి 4 శాతం కూడా చిప్పు మార్కెట్లో పడ్డాక సంగతే. నన్నడిగితే అందులో అసలు మేలు బెంగళూరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్‌లోని చిప్‌ఇన్ సెంటర్. డిజైన్ సాఫ్ట్‌వేర్ అక్కణ్ణించి వాడుకోనిస్తారు. సొంతంగా కొనాలంటే ఇల్లు అమ్మినా చాలదు. దాన్ని వదలకు.

చర్లపల్లిలో నేను టెస్టింగ్ చూసిన కంపెనీ గురించి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కంప్యూటర్లకి ఎస్ఎమ్‌పీఎస్‌లు, అంటే ఇంటి కరెంటుని కంప్యూటరుకి తగ్గట్టు మార్చే పెట్టెలు, చేసేవాళ్ళం. పక్కనే ఎలక్ట్రానిక్స్ చేసే ప్రభుత్వ కంపెనీ ఈసీఐఎల్ ఉండబట్టి ఆ చుట్టుపక్కల సోల్డరింగ్ తెలిసిన చేతులకి కొదవ లేదు. బయటి సరుకు మీద దిగుమతి సుంకం గట్టిగా ఉండేది, ఆ నీడలో మా ఓనరుగారు నిశ్చింతగా ఉండేవారు. 1997 మార్చిలో మన దేశం ఐటీఏ ఒప్పందంలో, అంటే కంప్యూటర్లలాంటి ఐటీ సరుకుల మీద సుంకాలు ఎత్తేసే దేశాల ఒప్పందంలో, చేరింది. 217 రకాల వస్తువుల మీద సుంకం అంచెలంచెలుగా తగ్గించి 2005 కల్లా సున్నా చేస్తామని ఒప్పుకుంది. రహస్యమేం కాదు, పేపర్లో వచ్చింది. ఓనరుగారు చదివి, "2005 కదా, ఈలోపు ఇంకో ప్రభుత్వం వచ్చి మారుస్తుందిలే" అన్నారు.

2005 దాకా ఆగలేదు. ఒకరోజు మా డీలరు బయటి ఎస్ఎమ్‌పీఎస్ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. చేతిలోకి తీసుకుంటేనే తేలిక. మూత విప్పి చూద్దును కదా, బోర్డు మీద ఫిల్టర్ కాయిల్ గుర్తు అచ్చేసి ఉంది, కాయిల్ లేదు. దాని బదులు రెండు తీగముక్కలు అతికించారు. నాసిరకమని నవ్వాను. అప్పుడు ధర చెప్పాడు. మా ముడిసరుకు ఖర్చే అంతకంటే ఎక్కువ! తయారైన పెట్టె మీద సుంకం పోతోంది గానీ, దాన్ని చేయడానికి మేం వాడే రాగి తీగ మీద, రేకు మీద, ప్లాస్టిక్ మీద పోలేదు. ఇక్కడ చేసేవాడికి పన్ను, ఓడలో తెచ్చి అమ్మేవాడికి లేదు. పైన బ్యాంకు వడ్డీ, కరెంటు కోత. కంపెనీ మూతపడింది. బోర్డు మీద అంత సన్నటి విడిభాగం కాలు కూడా జంకు లేకుండా అతికించే అమ్మాయిలు బట్టల షాపుల్లో చీరలు మడతపెట్టే పనికి పోయారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

అప్పట్లో సంతకం పెట్టినవాళ్ళని తిట్టిపోసేదాన్ని. ఇప్పుడు అంత తిట్టను. కంప్యూటర్లు చవకైతేనే కదా, 1998లో సైబర్ టవర్స్ తెరిచిన మాదాపూర్ అంత తొందరగా నిండింది. మీ అమ్మానాన్నల జీతాలూ, నీ ఇంజినీరింగ్ ఫీజూ అక్కడివే. చర్లపల్లి పోగొట్టుకుంది, మాదాపూర్ బాగుపడింది, రెండూ ఒకే నిర్ణయంతో. అయితే చేతిలో ఎనిమిదేళ్ళు ఉన్నాయి కదా! ఆ గడువులో ఢిల్లీ ముడిసరుకు సుంకాలు సరిచేయలేదు, ఓనర్లు సొంత డిజైన్ నేర్చుకోలేదు. చైనా అదే ఒప్పందంలో 2003లో, ఫ్యాక్టరీలు నిలబెట్టుకున్నాక చేరింది. 2015లో ఆ ఒప్పందంలో వస్తువుల జాబితా పెంచితే మనవాళ్ళు చేరలేదు, దెబ్బ గుర్తుంది మరి.

ప్రభుత్వానికి ఏదీ చేతకాదని కాదు. 1984లో పెట్టిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ ఏసీ గది అక్కర్లేని 128 లైన్ల పల్లెటూరి టెలిఫోన్ ఎక్స్చేంజి తయారుచేసి, ఆ డిజైన్ ఎన్నో కంపెనీలకి ఇచ్చింది. కొనడానికి టెలికాం శాఖ సిద్ధంగా ఉంది. కొనేవాడు ఉండబట్టే అది నిలబడింది, సబ్సిడీ వల్ల కాదు.

మరి నీ సరుకు కొనేదెవరు? 25 కోట్ల స్మార్ట్ మీటర్లు పెట్టాలన్న కేంద్ర లక్ష్యం చూసి మురిసిపోతున్నావు. నీ చిప్పు మీటరు కంపెనీ కొనాలి, ఆ మీటరు బిగించే సంస్థ కొనాలి, ఆ సంస్థకి కరెంటు పంపిణీ చేసే డిస్కం నెలనెలా డబ్బు కట్టాలి. డిస్కంల చేతిలో డబ్బు ఎంత ఆడుతుందో నీకు చెప్పాలా? పొలం మోటార్లకి మీటర్లంటే మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంత రాజకీయం నడిచిందో చూశావుగా. పైగా స్మార్ట్ మీటర్ల ప్రమాణం ఐఎస్ 16444 కింద పరీక్షలు ఒకసారి పాసైన మీటర్లో చిప్పు మార్చమంటే ఏ కంపెనీ అయినా వెనకాడుతుంది. అందుకని అదే చిప్పు సోలార్ ఇన్వర్టర్లోకి, బండ్ల ఛార్జర్లోకి పనికొచ్చేలా ఇప్పుడే చూసుకో.

రెండు లెక్కలు వేసి నాకు పంపు: ఒకటి పథకం డబ్బు వస్తే, రెండోది అసలు రాకపోతే. రెండోదాంట్లో పద్దెనిమిది నెలలు నిలబడగలిగితే రాజీనామా ఇచ్చెయ్. నోటిఫికేషన్లు మాత్రం నువ్వే చదువు, కన్సల్టెంటు చెప్పింది నమ్మకు.

మీ పెద్దనాన్న తన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి నీకిస్తానని సరదా పడుతున్నారు. వద్దను. మరీ బలవంతపెడితే వాటా రాసిచ్చి తీసుకో, అప్పుగా వద్దు. మీ అమ్మకి రోజూ ఫోన్ చెయ్యి, కంపెనీ కబుర్లు కాదు, అన్నం తిన్నావో లేదో చెప్పు.

మీ పెద్దమ్మ