రాకెట్ 88 మీద చెస్ లేబుల్ ఎందుకుంది?

మీ దగ్గరున్న ‘రాకెట్ 88’ పాట రికార్డు మీద చెస్ అనే రికార్డు కంపెనీ పేరుందని దాన్ని నకిలీ అనుకోకండి. పాట తీసింది మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో కదా, లేబుల్ షికాగో కంపెనీదేమిటని మీ టెన్షన్. కానీ ఆ రికార్డింగ్ జరిగిన 1951 మార్చికి సన్ లేబుల్ ఇంకా పుట్టనే లేదండీ, అది 1952లో మొదలైంది. ఆ స్టూడియోను దాని యజమాని శామ్ ఫిలిప్స్ 1950లో యూనియన్ అవెన్యూ 706లో తెరిచింది మెంఫిస్ రికార్డింగ్ సర్వీస్ అన్న పేరుతో. అక్కడ తీసిన పాటలను చెస్, మోడర్న్ లాంటి కంపెనీలకు ఇచ్చేవారు. బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ తొలి పాటలూ అలాగే బయటికొచ్చాయి.

మీ లేబుల్ మీద 1458 నంబరు, గాయకుడు జాకీ బ్రెన్‌స్టన్, అతని బృందంగా డెల్టా క్యాట్స్ అన్న పేర్లు ఉన్నాయేమో చూడండి. నిజానికి వాయించింది ఐక్ టర్నర్ బృందం. ఆ ఘనత వాళ్ల పేరున పడకపోవడం నాకిప్పటికీ బాధే. ఇదే రికార్డును సన్ లేబుల్‌తో, 1951 నాటిదంటూ ఎవరైనా అమ్మజూపితే మాత్రం కొనకండి.